వైజాగ్ నుంచి శ్రీహరికోట రాకెట్ చూడాలంటే

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆర్కే బీచ్‌కి వెళ్ళి సముద్రానికి ఎదురుగా నిలబడి ఎదురుచూస్తే రాకెట్ కనబడదు. ఎలా తెలుసంటే నేను అలాగే నిలబడ్డాను కాబట్టి. బావ, అక్క, పిల్లలిద్దరు, ఒక ఫ్లాస్కు టీ, చేతిలో ఫోన్, ఫోన్లో లైవ్. అందరం తూర్పుకేసి మెడలు సాగదీసుకుని నిలబడ్డాం, ఎందుకంటే రాకెట్ సముద్రం మీదుగా పోతుందని చిన్నప్పటి నుంచి విన్నాం, సముద్రం ఎదురుగా ఉంది, ఇంకెటు చూస్తాం? ఫోన్లో రాకెట్ లేచింది, చప్పట్లు కొట్టారు, మొదటి దశ విడిపోయిందన్నారు, మా ఆకాశంలో మాత్రం ఏమీ లేదు. ఆ టైములో అది మా కుడి భుజం వెనకాల డాల్ఫిన్స్ నోస్ కొండ మీద తిరుగుతూ ఉండుంటుంది. ఒక్కరం కూడా అటు తిరగలేదు.

కాబట్టి దిక్కుతోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని తరవాతే.

విశాఖపట్నం నుంచి శ్రీహరికోటకి మ్యాప్ మీద నేరుగా గీత గీస్తే సుమారు 545 కిలోమీటర్లు. మన దగ్గర్నుంచి అది నైరుతికి కాస్త దక్షిణంగా ఉంటుంది. ఫోన్లో దిక్సూచి యాప్ తెరిస్తే 216 డిగ్రీలు, మన ప్రాంతంలో అయస్కాంతపు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ అటూ ఇటూ మాత్రమే కాబట్టి ఆ గొడవ పట్టించుకోకండి, ఫోన్ని ఒకసారి ఎనిమిది అంకె గీసినట్టు తిప్పి సరిచేసుకుంటే చాలు. ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడ్డవాడు దాదాపు పూర్తిగా కుడివైపుకి తిరగాలి, అంటే తీరం వెంబడే, పోర్టు వైపుకి. మనకది వింతగానే అనిపిస్తుంది. మన తీరం సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా లేదు కదా, ఏటవాలుగా ఈశాన్యం నుంచి నైరుతికి పోతుంది, అందుకే ఈ తికమక.

రెండో సంగతి, భూమి గుండ్రం. 545 కిలోమీటర్ల అవతల ఏదైనా వస్తువు మన దిగంతం మీదికి తొంగి చూడాలంటే అది 20 కిలోమీటర్లకు పైన ఉండాలి. ఆ పైన సముద్రం మీది తేమ, ధూళి, పోర్టు పొగ, ఇవన్నీ దిగంతానికి అంటుకుని ఒక బూడిదరంగు తెరలాగా ఉంటాయి, ఆ తెర దాటి మన కంటికి ఆనేసరికి రాకెట్ 50 కిలోమీటర్ల ఎత్తుకి చేరి ఉంటుంది. లెక్క వేస్తే లిఫ్టాఫ్ (రాకెట్ నేల విడిచి లేవడం) అయిన దాదాపు రెండు నిమిషాల తరవాత. ఈ రెండు నిమిషాలే అందరినీ ముంచేది. లేచింది లేచింది అని అరుస్తారు, అర నిమిషం చూస్తారు, ఒక నిమిషం చూస్తారు, "కనబడదులే ఇక్కడికి" అని ఫోన్లోకి తల దూర్చేస్తారు, సరిగ్గా అప్పుడే అది పైకొస్తుంది. లిఫ్టాఫ్ తరవాత రెండో నిమిషం నుంచి ఆరో నిమిషం దాకా, ఇదీ మన ఆట. మొత్తం నాలుగు నిమిషాలు.

(శబ్దం వినిపిస్తుందా అని మా మేనకోడలు అడిగింది. అంత దూరం నుంచి శబ్దం రావాలంటే ఇరవై ఆరు ఇరవై ఏడు నిమిషాలు పడుతుంది, అది కూడా దారిలోనే చచ్చిపోతుంది. గర్జన వినాలనుంటే శ్రీహరికోట పక్కనున్న సూళ్లూరుపేట బండెక్కాల్సిందే, అక్కడ షార్‌లో (ఇస్రో ప్రయోగ కేంద్రంలో) జనం కూర్చుని చూడడానికి గ్యాలరీ ఉంది, ముందుగా ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి.)

ఎంత ఎత్తులో చూడాలి? చెయ్యి పూర్తిగా చాచి పిడికిలి బిగించండి. పిడికిలి అడుగు దిగంతానికి ఆనిస్తే పై అంచు సుమారు పది డిగ్రీల దగ్గర ఉంటుంది. రాకెట్ మనకి కనబడేదంతా దాదాపు ఆ ఎత్తులోనే, పిడికిలి కింది సగంలో మొదలై పై అంచుకి కాస్త అటూ ఇటూ. నడినెత్తి మీదకి రాదు, ఎవరైనా నెత్తి మీద నుంచి పోయిందని చెబితే అది విమానం. ముందుగా ప్రాక్టీసు కావాలంటే ఫిబ్రవరి నెల మధ్యలో ఏదో ఒక రాత్రి తొమ్మిదింటికి పావుగంట ముందు మేడెక్కి నేరుగా దక్షిణానికి చూడండి, కిందగా ఒంటరిగా తెల్లగా మెరిసే పెద్ద చుక్క అగస్త్యుడు. అది అప్పుడు దాదాపు 20 డిగ్రీల ఎత్తులో ఉంటుంది, అంటే రెండు పిడికిళ్లు. ఆ రెండు పిడికిళ్లలో కింది పిడికిలి మనది. మీ మేడ మీద నుంచి ఆ కింది పిడికిలి ఎదురింటి వాటర్ ట్యాంకుకో, సెల్ టవరుకో, కొత్తగా లేచిన అపార్ట్‌మెంటుకో పోతోందంటే ఆ మేడ పనికిరాదు, వేరే చోటు చూసుకోవాలి. ఈ పరీక్ష పగలు కూడా చేసుకోవచ్చనుకోండి, కానీ అగస్త్యుణ్ణి ఒకసారి చూశాక ఆ దిక్కు ఇక మర్చిపోరు.

ఏ రాకెట్ అనేది కూడా చూసుకోండి, ఎందుకంటే ఇస్రో రాకెట్లు అన్నీ ఒకే దారిన పోవు. పీఎస్ఎల్వీ ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని మోసుకెళ్తోందంటే ముందు ఆగ్నేయంగా బయలుదేరి, శ్రీలంక మీద పడకుండా తప్పించుకుని, ఆ తరవాత దక్షిణానికి మళ్లుతుంది. మన కళ్లకి అది నైరుతి వైపు నుంచి మెల్లగా ఎడమకి జరుగుతూ దక్షిణానికొచ్చి, అక్కడ నిలబడిపోయినట్టు అనిపిస్తుంది, నిజానికి అది మనకి వీపు చూపించి దూరమైపోతూ ఉంటుంది. జీఎస్ఎల్వీ, ఎల్వీఎం3 అలా కాదు, భూస్థిర కక్ష్యకి (భూమితో పాటే తిరుగుతూ ఒకేచోట ఉన్నట్టు కనబడే ఉపగ్రహాల దారికి) పోయేటప్పుడు అవి తూర్పుకి పరిగెత్తుతాయి, అండమాన్ వైపు. అంటే మన ఎదుట దక్షిణపు ఆకాశాన్ని కుడి నుంచి ఎడమకి అడ్డంగా కోసుకుంటూ పోతాయి, దాదాపు ఒకే ఎత్తులో. చూడ్డానికి నాకు ఇవే ఇష్టం. జీఎస్ఎల్వీ అనగానే తూర్పు అని గుడ్డిగా నమ్మకండి కూడా, 2025 జులై 30న నైసార్ అనే రాడార్ ఉపగ్రహాన్ని మోసిన జీఎస్ఎల్వీ ఎఫ్16 ధ్రువ కక్ష్యకే వెళ్ళింది. ఏ కక్ష్య అన్నది ఇస్రో ముందే చెప్తుంది, ఆ ఒక్క వాక్యం వెతుక్కోండి.

ఇప్పుడు అసలు రుచి ఎక్కడుందో చెప్తాను. రాత్రి ప్రయోగం అయితే మనకి కనబడేది ఒక నారింజరంగు చుక్క, మెల్లగా కదిలే చుక్క. బాగానే ఉంటుంది, అంతే. పగలైతే అసలేమీ ఉండదు. సంధ్యవేళ మాత్రం వేరు. మీ వీధిలో పొద్దుగూకి చీకటి పడుతున్నా కొబ్బరిచెట్టు మొవ్వులో కాసేపు ఎండ మిగులుతుంది చూడండి, అదే లెక్క. మనం చీకట్లో ఉంటాం, వంద కిలోమీటర్ల ఎత్తున ఉన్న రాకెట్‌కి ఇంకా సూర్యుడు కనబడుతూనే ఉంటాడు. పైగా అక్కడ గాలి లేదు. కింద గాలి నొక్కిపెట్టడం వల్ల సన్నగా తోకలా ఉండే పొగ, పైకి పోయేకొద్దీ నొక్కేవాడు లేక పదుల కిలోమీటర్లు విచ్చుకుంటుంది, ఆ విచ్చుకున్నదాని మీద ఎండ పడుతుంది, వెనకాల ముదురు నీలం ఆకాశం. జెల్లీఫిష్ అని ఫోటోల కింద రాస్తుంటారే, అది ఇదే.

దీనికి టైము చాలా ఇరుకు. సాయంత్రమైతే మన సూర్యాస్తమయం అయిన 25 నిమిషాల నుంచి గంట దాకా. తెల్లవారుజామునైతే సూర్యోదయానికి 40 నిమిషాల ముందు నుంచి 15 నిమిషాల ముందు వరకు. రెండూ సమానంగా లేవేంటంటారా, శ్రీహరికోట మనకన్నా మూడు డిగ్రీలు పడమరగా ఉంది, అక్కడ పొద్దు మనకన్నా సగటున పన్నెండు నిమిషాలు ఆలస్యంగా గూకుతుంది. సాయంత్రం పూట మనకి ముందే చీకటి పడి, రాకెట్ ఉన్న చోట ఇంకా ఎండ మిగిలి ఉంటుంది. ఈ ఒక్క విషయంలో వైజాగ్ వాళ్లం సూళ్లూరుపేట వాళ్లకంటే అదృష్టవంతులం. పొద్దున పూట ఇది తిరగబడుతుంది, మనకి వెలుగొచ్చేసరికి కూడా అక్కడ రాకెట్ నీడలోనే ఉండొచ్చు. అసురసంధ్య వేళ గుమ్మం దాటొద్దని మా అమ్మ ఇప్పటికీ అంటుంది, ఈ ఒక్కదానికి మినహాయింపు ఇమ్మని అడిగి తీసుకున్నాను.

సూర్యాస్తమయానికి ఎప్పుడూ వైజాగ్ టైమే చూడండి, టీవీలో చెప్పే చెన్నై టైమో హైదరాబాద్ టైమో కాదు. ఎంత తేడా వస్తుందో చెప్తాను. 2022 ఫిబ్రవరి 14న పీఎస్ఎల్వీ సీ52 పొద్దున 5:59కి లేచింది. ఆ రోజు మనకి సూర్యోదయం సుమారు 6:25. అంటే పాతిక నిమిషాల ముందు, చేత్తో కొలిచి పెట్టినట్టు. మరి 2025 మే 18న పీఎస్ఎల్వీ సీ61 లేచింది కూడా 5:59కే. కానీ మేలో మనకి 5:24కే పొద్దు పొడుస్తుంది, అప్పటికే ఎండ. (ఆ రాకెట్ మూడో దశలో తేడా వచ్చి ఉపగ్రహం కక్ష్యకి చేరలేదు, అది వేరే బాధ.) అదే గడియారం, నెల మారింది, ఆట మారిపోయింది. 2025 నవంబర్ 2న ఎల్వీఎం3 సాయంత్రం 5:26కి లేచింది, మనకి సరిగ్గా సూర్యుడు ములిగే నిమిషం అది. ఇంకో ముప్పావు గంట ఆగి లేచుంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. మన కోసం ఆగరు కదా, ఏ కక్ష్యకి ఏ నిమిషం అన్నది లెక్కలు తేలుస్తాయి.

ఒక కిటుకు. ఆ రెండు 5:59లూ కాకతాళీయం కాదు, రెండూ మోసింది రాడార్ ఉపగ్రహాలనే. రాడార్ ఉపగ్రహాలు కొన్నింటిని భూమి మీద ఎప్పుడూ తెల్లవారే, పొద్దుగూకే గీత వెంబడే తిరిగేలా పెడతారు, సోలార్ పలకలకి ఎండ తప్పకుండా తగులుతుందని. అలాంటి కక్ష్యకి పంపాలంటే పొద్దున ఆరు ప్రాంతంలోనో సాయంత్రం ఆరు ప్రాంతంలోనో లేవాలి. 2012 ఏప్రిల్ 26న రీశాట్-1 వెళ్ళింది పొద్దున 5:47కి, నైసార్ వెళ్ళింది సాయంత్రం 5:40కి. కాబట్టి వార్తలో "రాడార్ ఇమేజింగ్" అన్న మాట కనబడి, నెల నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపు అయితే చెవులు నిక్కబొడుచుకోవాలి.

ఎక్కడ నిలబడాలి అన్నదాని మీద నా అభిప్రాయం కాస్త గట్టిగానే ఉంటుంది. ఊరికి ఉత్తరంగా వెళ్లకండి. భీమిలి రోడ్డు అందంగా ఉంటుంది, రుషికొండ ఇసక బాగుంటుంది, కానీ అక్కడ నిలబడి నైరుతికి చూస్తే మధ్యలో ఊరు ఊరంతా ఉంటుంది, దాని దీపాల కాంతి అంతా సరిగ్గా మన పిడికిలి ఎత్తులోనే పరుచుకుని ఉంటుంది. ఆర్కే బీచ్‌లో డాల్ఫిన్స్ నోస్, దాని వెనక యారాడ కొండలు అడ్డం, కింది రెండు మూడు వేళ్ల మందం అవే తినేస్తాయి, అదీకాక బీచ్ రోడ్డు లైట్లు. కైలాసగిరి ఫర్వాలేదు, ఎత్తు కలిసొస్తుంది, కానీ పొద్దునా చీకటి పడ్డాకా గేటు సంగతి ముందు కనుక్కోండి. నా ఓటు దక్షిణం వైపుకి. యారాడ బీచ్‌లో డాల్ఫిన్స్ నోస్ మన వెనక్కి పోతుంది, ముందు సముద్రం, సింధియా మీదుగా ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి, చీకట్లో బండి మీద ఆ మలుపులు జాగ్రత్త. అంతకంటే నాకు అప్పికొండ నచ్చుతుంది. స్టీల్‌ప్లాంట్ దాటాక పాత శివాలయం, దాని ముందు విశాలమైన తీరం, ప్లాంట్ వెలుగంతా వీపు వెనక ఉండిపోతుంది, దక్షిణం నుంచి నైరుతి దాకా నీళ్లే. ఇంకా కిందకి పరవాడ వైపు వాళ్లకి ముత్యాలమ్మపాలెం ఉంది. గాజువాక, కూర్మన్నపాలెం వైపు ఎత్తైన డాబా ఉన్నవాళ్లు ఎక్కడికీ పోనక్కర్లేదు, పిడికిలి పరీక్షలో పాసయితే చాలు.

మబ్బుల విషయంలో అందరూ చేసే పొరపాటు నెల్లూరు వాతావరణం చూడడం. శ్రీహరికోటలో మబ్బు ఉంటే వాళ్లకి కష్టం, మనకి కాదు, మన చూపు అక్కడికి చేరేసరికి మబ్బులకి ఎంతో పైన ఉంటుంది. మనకి అడ్డొచ్చేది మన దగ్గరి మబ్బులు. అయిదు డిగ్రీల ఎత్తులో చూస్తున్నప్పుడు మన చూపు వంద కిలోమీటర్లు వెళ్ళేసరికి దాదాపు పది కిలోమీటర్ల ఎత్తుకి చేరి దాదాపు మబ్బులన్నిటినీ దాటేస్తుంది. అంటే చూసుకోవాల్సింది అనకాపల్లి, తుని తీరం నుంచి కాకినాడ ముందు సముద్రం దాకా. ఇన్శాట్ ఉపగ్రహం తీసిన మబ్బుల బొమ్మలు వాతావరణ శాఖ సైట్‌లో ఎప్పటికప్పుడు దొరుకుతాయి, అందులో ఆ ముక్క నల్లగా ఉంటే బయలుదేరండి, తెల్లగా ఉంటే పడుకోండి. నెత్తిమీద చుక్కలు కనబడుతున్నాయి కదా అని మోసపోకండి, వర్షాకాలంలో నడినెత్తి శుభ్రంగా ఉండి దక్షిణాన సముద్రం మీద గోడ కట్టినట్టు మబ్బు నిలబడి ఉంటుంది. అక్టోబర్, నవంబర్ తుపాన్ల రోజులు. జనవరి, ఫిబ్రవరి మంచివి, పొద్దున పొగమంచు ఒక్కటే బెడద.

ఇక ఆ రోజు. వాయిదాలకి ముందే మనసు గట్టి చేసుకోవాలి, రోజు మారుతుంది, ఒక్కోసారి నిమిషాలు మారతాయి. 2024 డిసెంబర్ 30న స్పేడెక్స్ ప్రయోగం రాత్రి 9:58 అని చెప్పి 10 గంటలకి మార్చారు. రెండు నిమిషాలే కదా అనిపిస్తుంది, మనం చూసేదే నాలుగు నిమిషాలు. బయలుదేరే ముందు ఒకసారి, చోటుకి చేరాక ఒకసారి ఇస్రో పేజీ చూడండి. లైవ్ పెట్టుకోండి కానీ దాన్ని గడియారంగా వాడకండి, నెట్ మీద లైవ్ పది పదిహేను సెకన్ల నుంచి అర నిమిషం పైగా వెనకబడి వస్తుంది, సిగ్నల్ సరిగా లేని బీచ్‌లో ఇంకా ఎక్కువ. నేను లైవ్‌ని ఒక్క పనికే వాడతాను, కౌంట్‌డౌన్ ఆగిందా సాగుతోందా తెలుసుకోడానికి. లేచిందని తెలియగానే ఫోన్ జేబులో పెట్టేసి చేతి గడియారంలో రెండు నిమిషాలు లెక్కపెడతాను. ఫోన్ వెలుగు కళ్లల్లో పడితే మళ్లీ చీకటికి అలవాటు పడ్డానికి టైము పడుతుంది, ఆ టైము మన దగ్గర లేదు.

ఏం కనబడుతుందో ఒకసారి దగ్గరగా చెప్తాను, లేకపోతే కళ్ల ముందు ఉన్నా గుర్తుపట్టరు. ఒక చలికాలం తెల్లవారుజామున అప్పికొండలో నేనూ బావా నిలబడ్డాం, అక్క వాళ్లు ఈసారి రామన్నారు. తెప్పలు అప్పటికే నీళ్లలో ఉన్నాయి, ఒడ్డున ఒక పెద్దాయన వల సర్దుకుంటూ "ఏటి బాబూ, అటు సూస్తన్నారు?" అన్నాడు. రాకెట్ అన్నాను. ఆయన నవ్వి వల పనిలో పడిపోయాడు. నిమిషం గడిచింది, ఏమీ లేదు. నిమిషంన్నర, ఏమీ లేదు, బావ అప్పుడే ఫోన్ తీయబోయాడు, చెయ్యి పట్టుకున్నాను. సముద్రం మీది బూడిద తెరలో, అనుకున్నదానికంటే చాలా కింద, అగ్గిపుల్ల తలంత ఎర్రటి మెరుపు. నాలుగైదు సెకన్లు ఉండి ఆరిపోయింది. పోయిందనుకున్నాం. అది పోవడం కాదు, మొదటి దశ కాలిపోయి విడిపోవడం. పీఎస్ఎల్వీ మొదటి దశ ఘన ఇంధనం, రాకెట్ యాభై అరవై కిలోమీటర్ల ఎత్తులో ఉండగా అయిపోతుంది, అంటే మన తెర దాటే ఎత్తులోనే. దాని తరవాత ద్రవ ఇంధనంతో నడిచే రెండో దశ అంటుకుంటుంది, మంట పెద్దగా కనబడదు, అందుకే ఆ ఖాళీ.

మళ్లీ కనబడ్డప్పుడు అది చుక్కలా లేదు. ముందు ఒక గోరంత తెల్లటి మరక, మబ్బు తునకేమో అనుకున్నాను, కానీ మబ్బు తునక పెరగదు. ఇది పెరిగింది. ముందువైపు గుండ్రంగా, వెనకవైపు పల్చగా విచ్చుకుంటూ, లాంతరు గాజు బుడ్డిని పక్కకి పడుకోబెట్టినట్టు, నీలం కలిసిన తెలుపు, అంచుల్లో దాని గుండా చుక్కలు కనబడేంత పల్చన. మధ్యలో సూది మొనంత మెరుపు, అదీ రాకెట్. కింద, అది వచ్చిన దారి పొడుగునా పొగ చార, కింది భాగం నీడలో నల్లగా, పై భాగం ఎండలో గులాబీ రంగుగా. మొత్తం పిడికిలి ఎత్తు దాటలేదు. బావ ఒక్క మాట మాట్లాడలేదు, ఆయన మాట్లాడకపోవడం నేను అదే మొదటిసారి చూడడం. వల సర్దుతున్న పెద్దాయన కూడా లేచి నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు.

జీఎస్ఎల్వీ, ఎల్వీఎం3 అయితే వరస వేరేగా ఉంటుంది. ఎల్వీఎం3కి పక్కన ఉండే రెండు పెద్ద ఘన బూస్టర్లు లేచాక రెండు నిమిషాల పైచిలుకుకి, 60 కిలోమీటర్ల ఎత్తు ప్రాంతంలో ఊడిపోతాయి, కాబట్టి వాటి చివరి వెలుగు మనకి దొరుకుతుంది. సుమారు 115 కిలోమీటర్ల దగ్గర ఉపగ్రహం మీది తొడుగు విడిపోతుంది, మంచి బైనాక్యులర్ ఉంటే, అదృష్టం ఉంటే, పక్కన మిణుగురుల్లా రెండు తునకలు. అయిదు నిమిషాలు దాటాక క్రయోజెనిక్ దశ, హైడ్రోజన్, ఆక్సిజన్ కాలితే వచ్చేది నీటి ఆవిరే, అప్పటికి అది ఆగ్నేయం వైపు జారిపోతూ ఉంటుంది.

బైనాక్యులర్ కొనేదుంటే 10×50 సరిపోతుంది, కానీ ముందు మామూలు కళ్లతో దొరకబుచ్చుకుని ఆ తరవాత ఎత్తండి, బైనాక్యులర్‌తో ఆకాశం వెతకడం మొదలుపెడితే నాలుగు నిమిషాలూ అందులోనే పోతాయి.

ఫోటోల పిచ్చి ఉన్నవాళ్లకి రెండు ముక్కలు. ఫోన్ చేత్తో పట్టుకుంటే రాదు, ట్రైపాడ్ లేకపోతే ఇసక నింపిన సంచి మీద ఆనించండి. నైట్ మోడ్ వద్దు, అది చాలా ఫ్రేములు కలిపి అతికిస్తుంది, కదిలే దాన్ని అలికేస్తుంది. ప్రో మోడ్‌లో ఫోకస్ అనంతానికి పెట్టి, ఐఎస్ఓ 400 నుంచి 800, షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను దాకా, పది నిమిషాల ముందే ఉత్త ఆకాశానికి నాలుగు ట్రయల్స్ తీసి సరిచూసుకోండి, వెలుగు నిమిషనిమిషానికీ మారుతుంటుంది. దక్షిణం మధ్యలో వచ్చేలా వెడల్పుగా ఫ్రేమ్ పెట్టి వదిలేయండి, జూమ్ చేసి వెంటబడకండి. ఇంకోటి, మనది నేవీ ఊరు. పెద్ద లెన్స్ పట్టుకుని డాల్ఫిన్స్ నోస్ వైపో హార్బర్ వైపో గురిపెడితే ఎవరైనా వచ్చి అడుగుతారు, అడగడం వాళ్ల పని. డ్రోన్ ఆలోచన అసలు వద్దు.

కనబడిందల్లా శ్రీహరికోటది కాదు. ఒడిశా తీరంలో క్షిపణులు పరీక్షించే అబ్దుల్ కలాం దీవి కూడా మనకి దాదాపు అంతే దూరం, 530 కిలోమీటర్లు, కాకపోతే అటువైపు, ఈశాన్యంలో. 2022 డిసెంబర్ 15 సాయంత్రం అగ్ని-5 పరీక్ష జరిగినప్పుడు కోల్‌కతాతో సహా చాలా ఊళ్లలో జనం ఆకాశంలో వింత వెలుగు చూసి హడలిపోయారు. కాబట్టి ఏ ప్రకటనా లేకుండా ఈశాన్యంలో విచ్చుకునే వెలుగు కనబడితే ముందు క్షిపణి అనుకోండి, గ్రహాంతర వాసులు తరవాత. పడమటి ఆకాశంలో నారింజరంగు తోకతో నింపాదిగా పోయేది విమానం, దాని వెనకాల మంచు చార మీద ఎండ పడుతోంది, అంతే.

చీకట్లో నీళ్ల దగ్గరకి వెళ్లకండి, యారాడలోనూ అప్పికొండలోనూ అల లోపలికి లాగేస్తుంది, ఆకాశం చూస్తూ వెనక్కి నడిచే వాళ్లకి అది తెలియదు. దోమలకి ఏదో ఒకటి రాసుకోండి. సాయంత్రం ప్రయోగమైతే వచ్చేటప్పుడు ముంత కింద పప్పు పొట్లాలు తెచ్చుకోండి, అప్పికొండలో దొరుకుతుందన్న నమ్మకం లేదు.

ఆరో నిమిషం అవగానే బండి తీసేయకండి. రాకెట్ పోయినా దాని పొగ పోదు, పైన ఒక్కో ఎత్తులో గాలి ఒక్కో వైపుకి వీస్తుంది, తిన్నగా ఉన్న చార పావుగంటలో మెలికలు తిరిగి ముగ్గు గీతలా అయిపోతుంది, పొద్దు కిందకి పోయేకొద్దీ తెలుపు నుంచి పసుపు, పసుపు నుంచి రాగి రంగుకి మారి ఆరుతుంది. తెల్లవారుజామునైతే ఇది తిరగబడుతుంది, కిందున్న నల్లటి ముక్క కూడా ఒక్కొక్క మెలికా వెలుగుతూ వస్తుంది. ఆ పూట మేం పూర్తిగా తెల్లారేదాకా అక్కడే ఉన్నాం. బావ అది వాళ్ల ఆఫీసు గ్రూపులో పెట్టాడు, "ఇది రాకెట్ కాదు మబ్బు" అని ఎవరో రాశారు, ఆయన దానికి ఇప్పటికీ జవాబులు ఇస్తూనే ఉన్నాడు.